నీళ్ళే గడియ వేసే తలుపు

మా అమ్మమ్మగారి పెంకుటింటి వీధితలుపుకు ఇనుప బందులు లేవు. కింద గడపలో ఒక గుంట, పైన ద్వారబంధంలో ఒక రంధ్రం. తలుపు రెక్క అంచున పైనా కిందా చెక్కిన బొడిపెలు ఆ రెండింట్లో కూర్చుని తిరిగేవి. రెండు రెక్కలు మధ్యలో కలిసేవి, లోపల అడ్డగడియ పడేది. ఆ ఊరి చివర కాలువ మీద లాకులుండేవి. అక్కడ కూడా అవే రెండు రెక్కలు, అదే గుంట, అదే బొడిపె. కాకపోతే ఇంటి తలుపు కంటే ఎన్నో రెట్లు పెద్దవి, నల్లగా తడిసిన టేకు చెక్కవి. ఎటు వెతికినా గడియ మాత్రం కనిపించేది కాదు. అంత నీటిని ఆపుతున్న తలుపుకు గడియ లేకపోవడమేమిటని లాకు తలుపులు తెరిచి మూసే లస్కరును అడిగాను. ఆయన కాలువ వైపు చెయ్యి చాపి, "నీళ్ళే గడియ బాబూ" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అర్థమైన రోజు నుంచి లాకు ఎక్కడ కనిపించినా ఆగి చూడకుండా ఉండలేను. గోదావరి, కృష్ణా డెల్టాల కాలువల మీద ఇలాంటి తలుపులు ఎన్నో ఉన్నాయి. వాటి గుండా ఒకప్పుడు కాకినాడ నుంచి చెన్నపట్నం దాకా, ఆపైన పాండిచ్చేరి దరిదాపుల దాకా, సముద్రంలోకి దిగకుండానే పడవలు నడిచాయి. డెల్టాకు ఆనకట్ట తిండి పెట్టిందని అందరం చెప్పుకుంటాం. అదే నీటి మీద పడవను మెట్లు దింపిన, మెట్లు ఎక్కించిన ఈ చిన్న కట్టడం గురించి చెప్పుకునేది తక్కువ. పనితనం చూడాలంటే నేను ముందు దీని దగ్గరకే వెళ్ళమంటాను.

వాలూ మట్టమూ

లాకు ఎందుకు పుట్టిందో తెలియాలంటే కాలువకున్న చిక్కు తెలియాలి. పొలానికి నీళ్ళు పారాలంటే కాలువకు వాలు ఉండాలి. పడవ రెండు వైపులా నడవాలంటే నీరు మట్టంగా, నెమ్మదిగా ఉండాలి. వాలు పెంచితే ప్రవాహం జోరందుకుంటుంది, ఎదురెక్కే పడవను లాగేవాళ్ళ ప్రాణం పోతుంది, గట్లు కోసుకుపోతాయి. వాలు తగ్గిస్తే నీరు మందగిస్తుంది, ఒండ్రు పేరుకుంటుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది, చివరి ఆయకట్టుకు తడి అందదు. రైతుకు వాలు కావాలి, పడవ నడిపే సరంగుకు మట్టం కావాలి. ఒకే కాలువ ఇద్దరికీ పనికిరావాలి.

గోదావరి డెల్టా చూపుకు చదునుగా కనిపిస్తుంది గానీ ధవళేశ్వరం నుంచి సముద్రం వైపు మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున దిగుతుంది. కాలువను నేలతోపాటే దింపితే పడవలకు కష్టం. అందుకని కాలువ అడుగుకు నేలకంటే తక్కువ వాలు ఇచ్చారు. అలా కొన్ని మైళ్ళు పోయేసరికి కాలువ మట్టం నేలకంటే పైకి తేలుతుంది. అక్కడ ఒక్కసారిగా కొన్ని అడుగులు దింపేస్తారు. మళ్ళీ మెల్లని వాలు, మళ్ళీ ఒక దిగుడు. ఏటవాలు దారిని మెట్లుగా మార్చడమన్న మాట. ప్రతి మెట్టు దగ్గరా పక్కపక్కనే రెండు కట్టడాలుంటాయి. ఒకదాని మీదుగా సేద్యపు నీరు కిందకి దూకుతుంది. రెండోదాని లోంచి పడవ దిగుతుంది. ఆ రెండోదే లాకు.

ఈ ఏర్పాటులో ఇంకో మేలుంది. ఇంగ్లండు వంటి చోట్ల గుట్టలెక్కి దిగే పడవల కాలువల్లో, పడవ లాకు దాటిన ప్రతిసారీ పైమెట్టు నీరు కిందకి పోతుంది. ఆ నీటిని భర్తీ చేయడానికి గుట్టల మీద చెరువులు కట్టుకోవలసి వచ్చింది. మన డెల్టాలో పడవను దింపిన నీరు దండగ పోదు. అది ఎలాగూ కింది పొలాలకు పోవలసిన నీరే. పోతూ పోతూ పడవను దింపి పోతుంది.

ఇసుక మీద పునాది

ఈ కాలువలకు తల ధవళేశ్వరం. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ ఎముకల గూడైంది. జనం దాన్ని డొక్కల కరువన్నారు. 1839లో పెను తుపాను కోరంగిని ముంచేసింది. గోదావరి సీమ జనం ఊళ్ళు వదిలి పోతున్న కాలమది. 1844లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరిని పరిశీలించడానికి వచ్చాడు. అంతకుముందు తంజావూరు సీమలో కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టిన అనుభవం ఆయనకుంది. నది ఇసుకలో బావులు దింపి వాటి మీద గోడ నిలబెట్టే విద్యను అక్కడి పాత కట్టడాలు చూసి నేర్చుకున్నాడు. కావేరి మీద శతాబ్దాలుగా నిలిచిన కల్లణై తనకు పాఠం చెప్పిందని ఒప్పుకోవడానికి ఆయన వెనకాడలేదు.

1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852కల్లా పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్య లంకలను కలుపుకుంటూ, మొత్తం మూడున్నర కిలోమీటర్లకు పైగా గోడ. మొదట్లో దాని ఎత్తు 12 అడుగులే. రాయి పక్కనున్న ధవళేశ్వరం కొండ ఇచ్చింది, టేకు ఎగువ అడవుల నుంచి నది మీదే వచ్చింది. వేలాది కూలీలను పోగుచేసి, పని చెడకుండా చూసిన వాడు వీణం వీరన్న. కాటన్‌కు కుడిభుజమని గోదావరి జిల్లాల్లో నేటికీ చెప్పుకుంటారు. 1970లో మొదలై 1982లో ముగిసిన కొత్త బ్యారేజీ 175 గేట్లతో ఇప్పుడు ఆ బాధ్యత మోస్తోంది.

ఆనకట్ట కాలువల్లోకి నీరు ఎత్తి పోసింది. దానితోపాటు పడవలకు మరో ఉపకారం చేసింది. గోడకు ఎగువన నది వెడల్పంతా లోతైన నిలకడ నీరు ఏర్పడింది. కాబట్టి తూర్పు డెల్టా కాలువలోంచి వచ్చిన పడవ ధవళేశ్వరం లాకు దాటి నదిలోకి ఎక్కి, ఆ నిలకడ నీటి మీద అవతలి ఒడ్డుకు పోయి, విజ్జేశ్వరం దగ్గర పడమటి డెల్టా కాలువలోకి దిగవచ్చు. బొబ్బర్లంక దగ్గర కోనసీమ కాలువలోకీ పోవచ్చు. ఈ మూడు తలల దగ్గరా లాకులు పెట్టడం చూస్తే, పడవ దారి తరవాత తగిలించిన అలంకారం కాదనీ, మొదటి గీతలోనే ఉందనీ తెలుస్తుంది.

వాసాల్లా ఆనుకున్న రెక్కలు

ఇప్పుడు లాకును దగ్గరగా చూద్దాం. కాలువ దారిలో పొడుగాటి తొట్టి ఒకటి ఊహించుకోండి. రెండు పక్కలా రాతి గోడలు, కింద రాతి పరుపు, ఎగువ చివర ఒక జత తలుపులు, దిగువ చివర ఒక జత తలుపులు. అంతే. రెండు తలుపుల మధ్య నీటిని బంధించి పడవను ఎత్తడం, దించడం అనే ఈ ఆలోచన చైనాలో పుట్టింది. 984లో చియావో వెయ్యూ అనే అధికారి మొదటిసారి ఇలాంటిది కట్టించాడు. ఆ తొలి తలుపులు పైకెత్తే తరహావి. రెండు రెక్కలు కోణంలో కలిసే తలుపును పదిహేనో శతాబ్దం చివర మిలాన్ నగరపు కాలువల మీద తీర్చిదిద్దిన ఘనత లియొనార్డో డావిన్సీదంటారు. మన డెల్టాకు వచ్చింది ఈ రెండో రకమే.

రెక్కలు మూసుకున్నప్పుడు సూటి గీతలో ఉండవు. ఎగువ వైపుకు ముక్కులా పొడుచుకొస్తాయి. పైనుంచి చూస్తే పెంకుటింటి వాసాలు వెన్నుదూలం దగ్గర ఒకదాని మీద ఒకటి ఆనుకున్నట్టుంటుంది. వాసాల మీద పెంకుల బరువు పడేకొద్దీ అవి మరింత బిగుసుకుంటాయి కదా, అలాగే ఈ రెక్కల మీద ఎగువ నీరు తోసేకొద్దీ రెండు అంచులూ ఒకదాన్నొకటి అదుముకుంటాయి. నీరెంత ఎక్కువుంటే తలుపు అంత గట్టిగా మూసుకుంటుంది. వరద రోజున ఇంటి తలుపును మనం లోపలి నుంచి నెట్టి పట్టుకోవాలి. ఈ తలుపును పట్టుకోవలసిన పని లేదు. ఏ నీరు దాన్ని పగలగొట్టాలో ఆ నీటి చేతనే కాపలా కాయించిన తెలివి అది.

ఆ ముక్కు ఎంత పొడుచుకురావాలన్నది ఆషామాషీ లెక్క కాదు. కప్పు మరీ వాలు లేకుండా వేస్తే వాసాలు గోడలను పక్కకు తన్నేస్తాయి. మరీ నిటారుగా వేస్తే పొడుగాటి కలప కావాలి, బరువు పెరుగుతుంది. లాకు తలుపుదీ ఇదే సంగతి. ముక్కు చదునైతే రెక్కలు పక్క గోడలను భరించలేనంతగా నెడతాయి. మరీ కోసుగా ఉంటే రెక్కలు పొడవై, తమ బరువుకు తామే వంగి, తిరగడానికి మొరాయిస్తాయి. తొట్టి వెడల్పును బట్టి ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ముక్కును నిలపడం ఈ పనివాళ్ళ ఆనవాయితీ.

ఆ తోపుడు ఎంతో ఒక ఉదాహరణ వేసి చూసుకుందాం. తొట్టి వెడల్పు 6 మీటర్లు, తలుపుకు ఎగువన నీటి లోతు మూడున్నర మీటర్లు, దిగువన ఒకటిన్నర మీటర్లు అనుకోండి. రెండు రెక్కల మీదా కలిపి పడే తోపుడు దాదాపు 30 టన్నులు. నిండా ధాన్యం వేసిన రెండు లారీలు అడ్డంగా ఆనుకుని నెట్టినట్టు. ఇంత బలాన్ని మోసేది టేకు దూలాలు, వాటిని పట్టి ఉంచే ఇనుప పట్టీలు, ఆ వెనక రాతి గోడ.

గోడలో ఒక రాయి గురించి వేరుగా చెప్పాలి. రెక్క అంచునుండే నిలువు దుంగ గోడకు ఎక్కడ ఆనుతుందో అక్కడి రాళ్ళను పైనుంచి కిందకి అర్ధచంద్రంలా తొలుస్తారు. దుంగ వీపు గుండ్రంగా ఉంటుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు దుంగకూ రాతికీ మధ్య కాస్త వదులు ఉండాలి, లేకపోతే ఒరుసుకుని తిరగదు. మూసినప్పుడు ఆ వదులు మాయమై దుంగ రాతిని నిలువునా ఒకే తీరున ఒత్తాలి, లేకపోతే నీరు కారుతుంది. తిరిగేటప్పుడు వదులు, ఆగేటప్పుడు బిగువు. ఈ రెండూ ఒకే రాతిలో సాధించడానికి తిరుగుడు కీలును గుండ్రం నడిమధ్యలో కాకుండా వెంట్రుకవాసి పక్కకు పెడతారు. ఉలి పట్టిన కాసెపనివాడూ బాడిత పట్టిన వడ్రంగీ ఒకరి పని ఒకరు కొలుచుకుంటూ చేస్తే గానీ కుదరని పని ఇది. రాయి ఒకరిది, కర్ర ఒకరిది, కుదురు ఇద్దరిదీ.

కింద, నీటి అడుగున, అసలు బరువు మోసేది చిన్న ఇనుప బొడిపె. మా అమ్మమ్మగారి గడపలో ఉన్న గుంటే ఇక్కడ ఇనుప గిన్నె అయింది. రెక్కల అడుగు అంచులు ఆనడానికి రాతి పరుపు మీద ముక్కు ఆకారంలోనే ఒక గట్టు ఉంటుంది. మూసుకున్న రెక్కలు పక్కన గోడకూ, మధ్యలో ఒకదానికొకటీ, కింద ఈ గట్టుకూ ఆనుతాయి. ఎక్కడ అంగుళం తేడా వచ్చినా నీరు దారి వెతుక్కుంటుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే ఇదంతా బయటపడేది. అప్పుడే పుచ్చిన చెక్క తీసి కొత్తది వేయడం, ఇనుప పట్టీలు బిగించడం, రాళ్ళ సందుల్లో గానుగ సున్నం కూరడం జరిగేవి. నీళ్ళు వదిలే లోపు ముగియాలి. ఆ తరవాత ఏడాదంతా ఆ పని నీటి అడుగున ఎవరికీ కనిపించకుండా నిలబడాలి.

పడవ దిగిన విధం

చిన్నప్పుడు నేను చూసింది చెబుతాను. ఎగువ నుంచి పడవ ఒకటి వస్తోంది. ధాన్యం బస్తాల మీద తాటాకు కప్పు. గాలి లేదు కాబట్టి తెరచాప దించారు. ఇద్దరు మనుషులు గట్టు మీద ముందుకు వంగి నడుస్తూ తాడుతో లాగుతున్నారు. తాడు కొసను పడవ అంచుకు కాకుండా తెరచాప కొయ్య మీద ఎత్తుగా కట్టారు. అలా కడితే తాడు గట్టు మీది తుప్పలకు తగులుకోదు. పడవలో ఒకడు గెడ పట్టుకుని అది గట్టుకు గుద్దుకోకుండా చూస్తున్నాడు. వెనక చుక్కాని దగ్గర సరంగు.

లాకు పైతలుపులు తెరిచే ఉన్నాయి, తొట్టి నిండుగా ఉంది. పడవ మెల్లగా లోపలికి దూరింది. అటూ ఇటూ మూరెడు మూరెడు జాగా. తాళ్ళు గట్టు మీది రాతి గుంజలకు చుట్టారు, ముడి వేయలేదు. నీరు దిగేకొద్దీ తాడు వదలాలి. ముడి వేస్తే పడవ తాటికి వేలాడుతుంది. లస్కరు, ఇంకొకడు కలిసి పైతలుపులు మూశారు. తరవాత లస్కరు దిగువ తలుపులకున్న చిన్న తూములు ఎత్తాడు. దిగువ వైపు నీరు బుడబుడమని మరిగినట్టు లేచింది. తొట్టిలో మాత్రం చప్పుడు లేదు. పడవ మీది మనిషి తల నా కాళ్ళ మట్టానికి దిగింది, తరవాత నేను కిందికి వంగి చూడాల్సి వచ్చింది. అప్పటిదాకా నీటిలో ఉన్న రాతి గోడ నాచు పట్టి నల్లగా, చుక్కలు కారుస్తూ బయటపడింది. 45 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు తొట్టిలో 2 మీటర్లు నీరు దిగిందంటే 5 లక్షల 40 వేల లీటర్లు కదిలినట్టు. ఒక్క ఇంజను లేదు, ఒక్క ఎద్దు లేదు.

ఆ తరవాతి నిమిషాలే నాకు బాగా గుర్తు. నీరు దాదాపు సమానమైపోయింది. సరంగు తొందర పడుతున్నాడు. లస్కరు కదలడు. ఆయన చూపంతా దిగువ తలుపుల మధ్య అంచు మీదే. రెండు రెక్కలు కలిసిన చోట సన్నని ధార ఒకటి కారుతూ ఉంది. ఆ ధార సన్నగిల్లి, చుక్కలై, ఆగింది. అప్పుడు ఆయన లేచాడు. తలుపు మీది పొడుగాటి దూలానికి నడుము ఆనించి వెనక్కి నడిచాడు. అంతకుముందు టన్నుల నీరు మోసిన రెక్క ఒక్క మనిషి వీపు ఒత్తిడికి వచ్చేసింది.

పెద్దయ్యాక ఆ ఓపికకు లెక్క వేసి చూశాను. ఇందాకటి తలుపుల దగ్గరే రెండు వైపులా నీటికి మూడు వేళ్ళ వెడల్పు, అంటే 5 సెంటీమీటర్లు, తేడా ఉందనుకుందాం. అంతమాత్రానికే రెక్కల మీద దాదాపు అర టన్ను బరువు తోపుడుంటుంది. ఒక్క మనిషి నెడితే ఆ తలుపు రాదు, బలవంతం చేస్తే కీలు విరగవచ్చు. ఆ లెక్క లస్కరు ఎన్నడూ వేసి ఉండడు. ధార ఆగడమే ఆయనకు కొలబద్ద. సమానమయ్యేదాకా ఆగితే చాలు, తలుపు తనంత తానే వదులవుతుంది.

రెండు నదుల మధ్య మెట్లు

ఇలాంటి ఒక్కో మెట్టునూ ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోతే ఏర్పడిన దారి పొడవు ఆశ్చర్యపరుస్తుంది. కాకినాడ నుంచి ధవళేశ్వరం దాకా కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, లాకు తరవాత లాకు ఎక్కుతూ రావాలి. గోదావరి దాటాక విజ్జేశ్వరం నుంచి విజయవాడ దాకా ఏలూరు కాలువ 139 కిలోమీటర్లు. ఈ కాలువ అందం ఏమిటంటే దానికి రెండు తలలు. గోదావరి నీరు పడమటికి దిగుతూ వస్తుంది, కృష్ణ నీరు తూర్పుకు దిగుతూ వస్తుంది, రెండూ ఏలూరు దగ్గర కలుస్తాయి. పడవ గోదావరి వైపు నుంచి ఏలూరు దాకా మెట్లు దిగి, అక్కడి నుంచి కృష్ణ దాకా మెట్లు ఎక్కుతుంది. రెండు మహానదుల నీటి మీద ఒకే కాలువలో ప్రయాణం.

విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1852–55 మధ్య ఇంజనీరు చార్లెస్ ఓర్ చేతుల మీదుగా లేచింది. అక్కడ కూడా గోదావరిలో లాగే గోడ ఎగువ నిలకడ నీటి మీద పడవలు నది దాటి సీతానగరం చేరేవి. ఇప్పుడు ఆ చోట 1957 నాటి ప్రకాశం బ్యారేజీ ఉంది. సీతానగరం నుంచి దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు నడిచి పెదగంజాం చేరుతుంది. అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువ. 1806లో బాసిల్ కొక్రేన్ చెన్నపట్నం నుంచి ఎన్నూరు దాకా తవ్వించుకున్న సొంత కాలువ దీనికి మూలం. 1837లో అది ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి, ఏళ్ళ తరబడి ఉత్తరానికీ దక్షిణానికీ పెరిగింది. 1876–78 ధాత కరువులో ఆకలితో వచ్చిన జనానికి కూలి ఇచ్చి చెన్నపట్నం నడిబొడ్డున కూవం, అడయారు నదులను కలిపే ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు పేరు కాలువకు వచ్చింది. తవ్వినవాళ్ళకు దక్కింది ఆ పూట గంజి.

బకింగ్‌హామ్ కాలువ సముద్రానికి అతి దగ్గరగా సాగుతుంది, దారిలో నదీ ముఖాలను దాటుతుంది. కాబట్టి అక్కడి నీటికి పోటూ పాటూ ఉంటాయి. పొద్దున ఎగువగా ఉన్న వైపు సాయంత్రానికి దిగువ కావచ్చు. ఒకే వైపుకు ముక్కున్న తలుపు అలాంటి చోట పనికిరాదు, నీరు వెనక నుంచి తోస్తే రెక్కలు తెరుచుకుంటాయి. అలాంటి చోట్ల రెండు దిక్కులకూ ముఖం పెట్టిన రెండు జతల తలుపులు కావాలి. పోటు ఒక జతను మూస్తుంది, పాటు రెండో జతను మూస్తుంది. సముద్రం ఊపిరిని కూడా గడియగా వాడుకున్న ఏర్పాటు ఇది.

ఈ దారి మీద ధాన్యం, ఉప్పు, కొబ్బరి, బెల్లం, పొగాకు, వంటచెరకు, సున్నపు గుల్ల నడిచాయి. పెళ్ళివారు నడిచారు, బదిలీ అయిన ఉద్యోగుల సామాను నడిచింది. చెన్నపట్నం పొయ్యిల్లో సర్వి కట్టెలు మండడానికి ఈ కాలువే ఆధారం. ఇరవయ్యో శతాబ్దమంతా రైలు ఎరగని అమలాపురానికి లాకులే స్టేషన్లు.

దుమ్ముగూడెంలో ఆగిన కల

ఇంత పనితనం గెలిచిన చోటే కాదు, ఆగిపోయిన చోట కూడా చూడదగ్గది. కాటన్ మనసులో ఉన్న దారి కాలువలతో ఆగలేదు. గోదావరిని ఎగువకు, వార్ధా నది దాకా పడవలకు తెరవాలన్నది ఆయన పట్టుదల. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైనప్పుడు బీరారు పత్తిని నది మీదుగా కాకినాడ దింపవచ్చన్న ఆశ దీనికి బలమిచ్చింది. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి. ఒక్కో చోట ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు కట్టి పడవను అడ్డంకి దాటించాలి. ఈ పని చేపట్టినవాడు ఎఫ్. టి. హేగ్. అంతకుముందు కోనసీమలో వైనతేయ పాయ మీద గన్నవరం అక్విడక్టు కట్టినదీ ఆయనే. 49 కమానుల మీద కాలువను నది దాటించిన ఆ కట్టడం దాదాపు ఒకటిన్నర శతాబ్దం పనిచేసింది. 2000లో దాని బదులు కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాం.

భద్రాచలం ఎగువన దుమ్ముగూడెంలో మొదటి అడ్డంకి పని ముగిసింది. అడవి మధ్య, జ్వరాల మధ్య, మనుషులు దొరకని చోట చేసిన పని అది. ఖర్చు అంచనాలు దాటింది. 1871లో మొత్తం పథకాన్ని ఆపేశారు. పత్తి రైలెక్కి బొంబాయి పోయింది. కట్టినవాళ్ళు తప్పు కట్టలేదు, రోజులే మారిపోయాయి.

కాటన్ మాత్రం తుదిదాకా ఒకే మాట మీద నిలిచాడు. బరువైన సరుకును తక్కువ ఖర్చుతో మోయడానికి, అదే ఖర్చుతో పొలం తడపడానికి, ఈ దేశానికి రైలుకంటే కాలువ మేలన్నాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు ఆ వాదనకే గట్టి ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. 1900 నాటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వచ్చింది, తరవాత లారీలు వచ్చాయి. 1966 తుపాను బకింగ్‌హామ్ కాలువను బాగా దెబ్బతీసింది. కాలువల్లో పడవలు తగ్గి, తగ్గి, ఆగాయి. 2008లో ఈ కాలువలనూ, గోదావరి, కృష్ణ నదుల భాగాలనూ కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016లో దాన్ని ఇంకా పొడిగించారు. కాగితం మీద ఆ పాత దారికి మళ్ళీ పేరొచ్చింది. మళ్ళీ పడవలు నడిపించాలని తలపెట్టేవారు, కొత్త గేటు గీసే ముందు పాత లాకు గోడను ఒకసారి తడిమి చూడాలని నా కోరిక. ఏ రాయిని ఎందుకలా చెక్కారో దానికి తెలుసు.

ధార

లాకుల గురించి చదవాలంటే జార్జ్ వాల్చ్ 1896లో గోదావరి డెల్టా కట్టడాల మీద రాసిన పుస్తకం ఉంది. ఇంజనీర్ల పేర్లు, అంచనాలు, కొలతలు అందులో దొరుకుతాయి. అర్ధచంద్రంగా రాయి తొలిచిన కాసెవాడి పేరు, దుంగ వీపు చిత్రిక పట్టిన వడ్రంగి పేరు, మట్టి తట్టలు మోసిన ఉప్పరుల, వడ్డెరల పేర్లు ఎక్కడా దొరకవు. వాళ్ళ సంతకం ఆ కుదురులోనే ఉంది.

ఆ మధ్య అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు లాకుల దగ్గరకు పోయాను. పెంకుటిల్లు లేదు, దాని తలుపు ఏమైందో తెలియదు. లాకు తొట్టిలో గుర్రపుడెక్క నిండిపోయింది. పడవల తాళ్ళు ఒరుసుకుని రాతి అంచు మీద పడిన గాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక్కోదానిలో చూపుడువేలు ఇమిడిపోతుంది. మెత్తని తాడు గట్టి రాతిని ఇంత లోతు కోయాలంటే ఎన్ని పడవలు దిగి ఉండాలో!

పైతలుపుల దగ్గర నిలబడి చూశాను. టేకు పగుళ్ళిచ్చింది, ఇనుప పట్టీలు పొరలు పొరలుగా లేస్తున్నాయి. ఈ తలుపుల్ని తెరిచినవాళ్ళు లేరు, మూసి వెళ్ళినవాళ్ళు లేరు. ఎగువన కాలువ నిండుగా ఉంది. రెండు రెక్కలూ వాసాల్లా ఒకదాని మీద ఒకటి ఆనుకునే ఉన్నాయి. కలిసిన చోట సన్నని ధార కారుతోంది. ధార కారుతోందంటే నీరింకా సమానం కాలేదన్న మాట. గడియ ఇంకా పడే ఉంది.